పనికిరాని ఫోటోలు

జ్ఞానకుమారి మార్నింగ్ డ్యూటీ ముగించుకుని, మెట్రో దిగి, మయూర్ విహార్‌లోని తమ మూడో అంతస్తు ఫ్లాటుకు చేరేసరికి నాలుగున్నర అయింది. హాల్లో డైనింగ్ టేబుల్ నిండా పుస్తకాలు. ఎక్కడెక్కడి స్కూళ్ళవో నున్నటి అట్టల ఇయర్‌బుక్కులు ఏడెనిమిది ఉన్నాయి. వాటి మధ్య లాప్‌టాప్ తెరిచి, దాని పక్కనే బల్ల మీద తల వాల్చి కూర్చుంది కూతురు అనుగ్రహ.

"ఏంటమ్మా, జ్వరమా?" నర్సు చెయ్యి కదా, ముందు పిల్ల నుదుటి మీదికే వెళ్ళింది.

"బుఖార్ నహీ హై మమ్మీ. మాథుర్ మేడమ్ మళ్ళీ రిజెక్ట్ చేసింది. థర్డ్ టైమ్!"

అనుగ్రహది పన్నెండో తరగతి. స్కూలు వదిలి వెళ్ళే పిల్లలకి జ్ఞాపకంగా ఇచ్చే ఇయర్‌బుక్ డిజైన్ బాధ్యత ఈ ఏడు ఆమె మీద పడింది. బొమ్మలు బాగా వేస్తుందని డ్రాయింగ్ టీచరు మాథుర్ మేడమే పట్టుబట్టి ఒప్పించింది. ఒప్పించిన మనిషే ఇప్పుడు ఏది చూపించినా పెదవి విరుస్తోంది. మొదటిసారి సినిమా రీలు బొమ్మలతో చేసింది. రెండోసారి రైలు ప్రయాణం. మూడోసారి ఆకాశం, నక్షత్రాలు. "బాగున్నాయి. కానీ ఇవి ఏ స్కూలు పేరు రాసినా సరిపోతాయి. ఇందులో మీరెక్కడున్నారు?" అని అడిగిందట మేడమ్.

ఆ ప్రశ్నకి ఇంటికొచ్చి ఏడ్చింది అనుగ్రహ. జ్ఞానకుమారికి మాత్రం ఆ మేడమ్ మీద గౌరవం పెరిగింది. ఆ మాట పైకి అనకుండా టీ పెట్టింది.

టీ తాగాక బీరువాలో చీరల అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసుకొచ్చింది. నర్సరీ నుంచి ఆరో తరగతి దాకా, ఏడాదికొకటి చొప్పున క్లాసు ఫోటోలు. అన్నీ లామినేషన్ చేయించినవి. అంచులు లేచిపోయి, మధ్యలో గాలి బుడగలు పట్టాయి.

"ఇవి నీ దగ్గర ఉన్నాయా!" అంది అనుగ్రహ తల ఎత్తి.

ఇద్దరూ నేల మీద పరుచుకుని చూశారు. మూడు వరసల పిల్లలు. ముందు వరస బెంచీ మీద, చేతులు మోకాళ్ళ మీద. అందరి కళ్ళూ సూటిగా కెమెరాలోకి. ఒక్కళ్ళ ముఖంలోనూ నవ్వు లేదు. పిల్లలు పెరుగుతున్నారు, టైలు పొడుగవుతున్నాయి, ముఖాలు మాత్రం ఏడాదికేడాదీ అలాగే బిగుసుకుని ఉన్నాయి.

"సబ్ పాస్‌పోర్ట్ ఫోటో జైసే," అని పెదవి విరిచింది అనుగ్రహ. అచ్చం మాథుర్ మేడమ్‌లాగే.

"ముఖాలు అలా ఉంటే ఉన్నాయి గానీ, వీటి మంచి కాపీలైనా సంపాదించు. ఇవి మసకబారిపోతున్నాయి," అంటూ జ్ఞానకుమారి ఒకటి తిరగేసింది. వెనక నీలం ముద్ర ఉంది. 'సాగర్ స్టూడియో, పాకెట్ ఫోర్ మార్కెట్.' వాళ్ళ ఇంటికి పది నిమిషాల దూరం.

శనివారం జ్ఞానకుమారికి ఆఫ్. పొద్దున పదకొండింటికి కూడా పొగమంచు విడలేదు. తల్లీ కూతుళ్ళు మాస్కులు పెట్టుకుని నడిచి వెళ్ళారు. మందుల షాపుకీ టైలరు కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంది స్టూడియో. అద్దం మీద పాస్‌పోర్టు, వీసా ఫోటోలు తీయబడును అని హిందీలో రాసి ఉంది. లోపల మంకీ క్యాప్ పెట్టుకున్న ఒక పెద్దాయన హీటరు దగ్గర చేతులు కాచుకుంటున్నాడు. ఆయన్ని చూడగానే అనుగ్రహ గుర్తుపట్టింది. "హిల్‌నా మత్ అంకుల్!" అని తల్లి చెవిలో గుసగుసలాడింది. కదలొద్దు, కదలొద్దు అని అరుస్తూ ఉండేవాడట. పిల్లలు ఆ పేరే పెట్టేశారు.

"గట్టిగా అనకే, వినపడుద్ది. తప్పు," అంది జ్ఞానకుమారి.

పెద్దాయన చటుక్కున తలెత్తాడు. "మీది ఏ ఊరమ్మా?"

ఢిల్లీలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నా, ఆ ప్రశ్న తెలుగులో వినగానే జ్ఞానకుమారి మాస్కు కిందికి లాగేసింది. "నరసాపురమండీ. మీరు?"

"ఏలూరు. శివరామకృష్ణ అంటారు నన్ను. ఇక్కడికొచ్చి నలభై ఆరేళ్ళు. మొదట పత్రికాఫీసులో డార్క్‌రూమ్ పని, తర్వాత ఈ కొట్టు. కూర్చోండి, కూర్చోండి. ఆ పేరంటే మీ పాపది ఆ స్కూలే. అక్కడ పదిహేనేళ్ళు ఫోటోలు తీశాను. తెలుగువాణ్ణని ఒక్కళ్ళకి తెలిస్తే ఒట్టు!"

విషయం విని ఆయన టేబుల్ కింద నుంచి ఒక రేకు డబ్బా తీశాడు. దాన్నిండా సీడీలు, హార్డ్ డిస్కులు. ఒక్కోదాని మీద తెల్ల కాగితం అంటించి ఏడాది రాసి ఉంది. రెండో తరగతి ఫోటో వెతికి కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూపించాడు. అదే బిగుసుకున్న ఫోటో.

అనుగ్రహ తెర మీదికి వంగింది. ఆ ఫైలుకి ముందు నాలుగు, వెనక రెండు ఉన్నాయి. "అంకుల్, యే క్యా హై?"

"అవా? అవి పనికిరానివమ్మా. ఒక్క మంచి ఫోటో రావాలంటే ఆరేడు తియ్యాలి. ఒకడు కళ్ళు మూస్తాడు, ఇంకోడు పక్కోణ్ణి గిల్లుతాడు."

"దిఖాయియే నా, ప్లీజ్."

ఆయన ఇష్టం లేకుండానే నొక్కాడు. తెర మీద రెండో తరగతి ఒక్కసారిగా ప్రాణం పోసుకుంది. వెనక వరసలో ఒకడు ముందువాడి తల మీద రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టాడు. ఒకమ్మాయి ఊడిన పన్నుని నాలుకతో కదుపుకుంటోంది. ఇద్దరు తోసుకుంటున్నారు. టీచరు వాళ్ళ వైపు తిరిగి వేలు చూపిస్తోంది. ఎక్కడి నుంచో ఒక కుక్క వచ్చి బెంచీ ముందు కూర్చుంది. ముప్పై ఎనిమిది మంది పిల్లలు, ముప్పై ఎనిమిది రకాల ముఖాలు.

అనుగ్రహ పగలబడి నవ్వింది. మూడు వారాల తర్వాత అదే నవ్వడం.

"నువ్వెక్కడున్నావే?" అంది జ్ఞానకుమారి.

రెండో వరస చివర ఉంది. కెమెరా వైపు చూడటం లేదు. ఒక పక్కకి మెడ తిప్పి, నోరంతా తెరిచి నవ్వుతోంది. మెడలో టై లేదు.

"ఎటు చూస్తున్నావు?"

"యాద్ నహీ మమ్మీ." అనుగ్రహకి ఏమీ గుర్తులేదు.

శివరామకృష్ణ ఆ ముందరి ఫోటో తెరిచాడు. అది ఇంకాస్త దూరం నుంచి తీసింది. దాని అంచున, వరండా మెట్ల దగ్గర, తెల్ల యూనిఫామ్ మీద నీలం స్వెటర్ వేసుకున్న ఒక సన్నటి ఆడమనిషి నిలబడి ఉంది. ఒక చేతిలో చెప్పు, రెండో చేతిలో చిన్న టై. నాలుక బయటపెట్టి వెక్కిరిస్తోంది.

జ్ఞానకుమారికి తనని తాను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

గుర్తుపట్టగానే ఆ ఉదయం మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి టై సోఫా మీద పడి ఉంది. ఆమె భర్త ఆమోసు ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే ఎక్స్‌రే టెక్నీషియన్. పిల్లని హడావుడిగా బస్సెక్కించి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఫోటో రోజున టై లేకపోతే పిల్లని పక్కన నిలబెడతారని ఇ-రిక్షా ఎక్కి పరిగెత్తింది. గేటు దగ్గర చెప్పు తెగింది. లోపలికి పోనివ్వనన్న గార్డుని బతిమాలి వరండాలోకి వచ్చేసరికి, అప్పటికే అందర్నీ వరసల్లో నిలబెట్టేశారు. పిల్ల ముఖం ఏడుపుకి సిద్ధంగా ఉంది. ఏం చెయ్యాలో తోచక తను నాలుక బయటపెట్టింది. పిల్ల నవ్వేసింది.

ఏ ఇరవయ్యేళ్ళ వయసులోనో కాదు, నలభైకి దగ్గర పడ్డ వయసులో, రాత్రంతా పన్నెండు మంది పేషెంట్లని చూసుకుని వచ్చి, అంతమంది మధ్య నాలుక బయటపెట్టగలిగిన మనిషి తనేనా? ఆ తెర మీది మనిషిని చూస్తుంటే ఆమెకి ఎవరో పాత స్నేహితురాలు కనిపించినట్టుంది. ఎప్పుడు విడిపోయారో కూడా తెలియదు.

"టై తర్వాత నేనే తీసుకెళ్ళి కట్టానమ్మా," అన్నాడు శివరామకృష్ణ. "మీరు మెట్ల మీద కూలబడిపోయారు, నిద్రతో."

అనుగ్రహ తల్లి చెయ్యి పట్టుకుని ఆ ఫోటోనే చూస్తోంది. కాసేపటికి, "మమ్మీ, యహీ హై," అంది. "మేడమ్ అడిగింది ఇదే. ఎడమ పేజీలో మంచి ఫోటో, చిన్నగా. కుడి పేజీ నిండా ఇది. ప్రతి ఏడాదికీ అంతే."

పెద్దాయన కుర్చీలోంచి లేచిపోయాడు. "అమ్మమ్మమ్మా, కుదరదు! నలభై ఏళ్ళు నా పనేంటో తెలుసా? ఇలాంటివి ఎవరి కంటా పడకుండా చూడ్డం. కింద నా స్టూడియో పేరు చూసి, ఈ ముసలాడికి ఫోటో తియ్యడం రాదంటారు."

"మరి పారెయ్యకుండా ఎందుకు దాచారండీ?" అంది జ్ఞానకుమారి.

ఆయన క్యాప్ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "చెరపబుద్ధి కాలేదమ్మా. చలికాలంలో బేరాలుండవు. ఒక్కణ్ణే కూర్చుని ఇవి చూసుకుంటా ఉంటాను," అన్నాడు. తర్వాత, "మీ మేడమ్ చేత ఒక ఉత్తరం రాయించుకు రా. చూద్దాం," అన్నాడు అనుగ్రహతో.

అనుగ్రహ ఫోన్‌లో తీసుకెళ్ళిన ఆ తెర ఫోటోలని మాథుర్ మేడమ్ ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసిందట. ఉత్తరం అప్పటికప్పుడే రాసిచ్చింది. ప్రిన్సిపాల్ మాత్రం, ఎవరి ఫోటో వేసినా వాళ్ళు సరేనంటేనే వెయ్యాలని షరతు పెట్టాడు. అందరూ సరేనన్నారు, ఇషాన్ తప్ప. నాలుగో తరగతి ఫోటోలో అతను వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడుపుకి పిల్లలు ఏడాదంతా ఏడిపించారు. "అది వేస్తే నేనా పుస్తకం ముట్టుకోను," అన్నాడు.

"కితనా క్యూట్ హై మమ్మీ, అయినా ఒప్పుకోడు!" అని ఇంటికొచ్చి విసుక్కుంది అనుగ్రహ.

జ్ఞానకుమారి చపాతీ పిండి కలుపుతోంది. చెయ్యి ఆపి కూతురి వైపు చూసింది. "వార్డులో పేషెంటు దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకుంటే, ముఖం బాగుంటదని మనం లాగుతామా? ఆ అబ్బాయి ఏ ఫోటోకి ఒప్పుకుంటాడో అతన్నే అడుగు."

మర్నాడు అనుగ్రహ ఇషాన్‌ని స్టూడియోకి తీసుకెళ్ళింది. శివరామకృష్ణ ఆ ఏటివి అన్నీ వరసగా చూపించాడు. ఐదోదాంట్లో ఇషాన్ బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు. వీపు తప్ప ఇంకేమీ కనిపించదు. "బస్, యహీ డాలో!" అని అదే వెయ్యమన్నాడు ఇషాన్, నవ్వుతూ.

ఆ కబురు క్లాసంతా పాకింది. తమ తమ ఫోటోలు ముందే చూసుకోవాలని రోజూ సాయంత్రం ఐదారుగురు స్టూడియోకి చేరేవారు. కూర్చోడానికి చోటు లేక కొందరు టైలరు కొట్టు మెట్ల మీద కూర్చునేవారు. పెద్దాయన వాళ్ళకి వేరుసెనక్కాయలు తెప్పించి, ఒక్కొక్కణ్ణీ ముఖం చూసి పోల్చుకునేవాడు. "నువ్వు కొమ్ములు పెట్టినోడివి కదూ?" అని హిందీలో అడిగితే గది దద్దరిల్లేది.

తొమ్మిదో తరగతి నుంచి ఫోటోలు పిల్లల ఫోన్లలోనే ఉన్నాయి. ఏడూ ఎనిమిదీ తరగతులకి మాత్రం ఫోటోలే లేవు. కరోనా రెండేళ్ళూ స్కూలు తెరవలేదు. ఆ పేజీల కోసం అనుగ్రహ అందరినీ ఇంట్లో తాము ఆన్‌లైన్ క్లాసు విన్న చోటు ఫోటో తీసి పంపమంది. మెట్ల కింద మూల, మంచం అంచు, ఒకరిది ఆగి ఉన్న కారు. అనుగ్రహది వంటింట్లో గ్యాస్ సిలిండర్ పక్కన స్టూలు. ఆ రోజుల్లో జ్ఞానకుమారి ఆసుపత్రి హాస్టల్లోనే ఉండిపోయింది. ఆ స్టూలు మీద కూర్చుని పిల్ల చదువుకుందని ఆమెకి పుస్తకం ప్రూఫులో చూసినప్పుడే తెలిసింది.

ఫిబ్రవరిలో పుస్తకాలు పంచారు. శివరామకృష్ణ గారిని స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆయన మైకులో ఏదో చెప్పబోయి, దణ్ణం పెట్టి దిగిపోయాడు. పిల్లలు ఎండలో గడ్డి మీద గుంపులుగా కూర్చుని, ఒకరి పుస్తకంలో ఒకరు, ఏ ముఖం ఎవరిదో ఆ ముఖం పక్కనే సంతకాలు పెట్టుకున్నారు. ఇషాన్ తన వీపు మీద తనే సంతకం చేసుకున్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక, జ్ఞానకుమారి బాల్కనీలో ఎండకి కూర్చుని ఆ పుస్తకం మళ్ళీ మొదటి నుంచి తిరగేసింది. లోపల ఆమోసు గురక వినపడుతోంది. అనుగ్రహ వచ్చి పక్కన చాప మీద కూలబడింది.

"మమ్మీ, నీ నర్సింగ్ స్కూల్లో ఇలా ఫోటో తీశారా?"

"తీశారు. ఇరవై నాలుగు మందిమి. భీమవరంలో మిషన్ ఆసుపత్రి ముందు."

"కహాఁ హై?"

"నా కాపీ తుపానులో తడిసిపోయింది. దుర్గాంబ దగ్గర ఉండాలి."

"దుర్గాంబ కౌన్?"

నాలుగేళ్ళు ఒకే గదిలో, పక్క పక్క మంచాల మీద పడుకున్న మనిషి గురించి కూతురికి ఒక్కసారైనా చెప్పలేదని జ్ఞానకుమారికి అప్పుడే తట్టింది. ఫోన్‌లో పేరు వెతికింది. చివరిసారి మాట్లాడి ఎనిమిదేళ్ళు దాటింది. ఆ నంబరు ఇంకా ఉందో లేదో. నొక్కింది. అటు నుంచి నాలుగు రింగులకి ఒక గొంతు పలికింది, కాస్త బొంగురుగా, "ఎవరండీ?" అని.

"నేనే. జ్ఞానాన్ని."

అటు నుంచి బాల్కనీ అంతా వినపడేలా, "ఒసేయ్ పొట్టిదానా! బతికే ఉన్నావటే!" అని పెద్ద కేక.

జ్ఞానకుమారి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "మన మిషన్ ఆసుపత్రి ఫోటోలో నీ పక్కన కళ్ళు మూసుకుంది ఎవరే? రత్నమా, సువార్తా?"

"సువార్త కాదు, నువ్వే!" అంది దుర్గాంబ. అక్కడి నుంచి హాస్టల్ వార్డెను, పులిసిన ఇడ్లీలు, గోడ దూకి చూసొచ్చిన మ్యాట్నీ, ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. అనుగ్రహకి సగమే అర్థమవుతోంది. అయినా లేచి వెళ్ళలేదు. ఎండ బాల్కనీ దాటి గోడ ఎక్కేదాకా తల్లి మాటలు వింటూ కూర్చుని, చలి మొదలయ్యాక లోపలికి వెళ్ళి శాలువా తెచ్చి ఆమె భుజాల మీద కప్పింది.