గూటికి అడ్డమొచ్చిన ఆకులు

తడి దుప్పటి దులిపి తీగ మీద వేస్తుంటే, బొటనవేలంత పిట్ట ఒకటి ఆమె చెవి పక్కనుంచి రివ్వున దూసుకుపోయింది. పెరటి గోడమీది పూలతీగలో, ఆకుల గుబురు వెనక, పాత గుడ్డపేలికలా వేలాడుతోంది దాని గూడు. తేనెపిట్ట. ఆమె దుప్పటిని సగంలో వదిలేసి నిలబడిపోయింది.

"ఆరేస్తున్నావా, నేస్తున్నావా?" లోపలినుంచి అత్తగారి కేక.

ఆమె భర్త ఫోటోగ్రాఫరు. ఇంటి ముందుగదే స్టూడియో. ఫోటోలు అతను తీస్తాడు. "మా ఆవిడ కాస్త సాయంగా ఉంటుంది" అని అందరితో చెబుతాడు. ముఖాలమీది మొటిమలు చెరపడం, మూసుకున్న కళ్ళ చోట వేరే ఫోటోలోని కళ్ళు తెచ్చి అతికించడం, ఆల్బమ్ పేర్చడం, మధ్యలో లేచి పొయ్యి కట్టేసి రావడం, అంతా ఆ 'కాస్త సాయం'లోకే వస్తుంది. వచ్చినవాళ్ళు నేరుగా ఆమె కళ్ళలోకి చూస్తూనే "ఎవరూ లేరామ్మా?" అని అడుగుతారు. మొదట్లో నవ్వొచ్చేది. రానురాను, నిజంగానే లేనేమో అనిపించసాగింది.

మధ్యాహ్నం తల్లీ కొడుకులు కునుకు తీసే వేళ ఆమె కెమెరా తీసుకుని పెరట్లోకి వెళ్ళేది. ఆరేసిన చీర వెనక దాక్కుని తీసేది. మొదట అన్నీ మసకే. రెక్క ఉండాల్సిన చోట పొగ, ముక్కు ఉండాల్సిన చోట శూన్యం. పిట్టను వెంటాడితే దొరకదని మెల్లగా తెలిసింది. గూటి వాకిలి మీద ఫోకస్ నిలిపి, షట్టర్ వేగం పెంచి, కాచుకోవాలి. గూట్లోకి పోయేముందు ఆ పిట్ట ఒకే పుల్లమీద వాలి తల వంచుతుంది. ఆ వంపు పూర్తికాకముందే నొక్కాలి. ఎదురుచూడటం ఆమెకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు.

ఒకరోజు పడింది. తల్లి గాల్లో నిలిచి ఉంది. ఈకల అంచులు ఒక్కొక్కటీ విడివిడిగా, నోట్లో సాలీడు, గూట్లోంచి ఎర్రగా తెరుచుకున్న రెండు నోళ్ళు. ఆమె ఉండబట్టలేక భర్తకు చూపించింది. అతను చాలాసేపు చూశాడు.

"కెమెరా మంచిది మరి," అన్నాడు. "ఫ్రేమే చెడింది. ఈ ఆకులు అడ్డం."

మర్నాడు కత్తెరతో పెరట్లోకి వచ్చాడు.

"వద్దండీ, ఆ ఆకుల చాటునే కదా అవి బతుకుతున్నాయి."

"నాకు నేర్పుతావా? ఆ కొమ్మ వంచి పట్టుకో."

పట్టుకుంది. 

గూడు బట్టబయలైంది. సాయంత్రం కాకుండానే కాకి వచ్చింది. ఆమె చేతిలోని బట్టలు పారేసి ముందుకు ఉరికింది. "కదలకు! అడ్డం రాకు!" అని కెమెరా వెనకనుంచి అతను అరిచాడు. ఆ గొంతుకు ఎన్నేళ్ళుగానో అలవాటుపడిన కాళ్ళు, ఆమెను అడక్కుండానే ఆగిపోయాయి. షట్టర్ టపటపా కొట్టుకుంది. 

తల్లిపిట్ట ఆ తర్వాత కూడా పురుగును నోట కరుచుకుని వచ్చి, ఖాళీ గూటి ముందు రెక్కలాడిస్తూ ఉండేది.

ఆ రోజు అతను తీసిన ఫోటోకు పోటీలో బహుమతి వచ్చింది. కాకి ముక్కున పిల్ల, దానిమీదికి దూకుతున్న తల్లి, అంతా అద్దంలా స్పష్టం. పెద్దది చేయించి ముందుగదిలో తగిలించాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళకు ఆమె టీ పట్టుకొచ్చింది.

"పాపం, కాపాడలేకపోయారా?" అని ఒకావిడ అడిగింది.

"ప్రకృతిలో మనం వేలు పెట్టకూడదమ్మా," అన్నాడు అతను.

ఆమె టీ కప్పుల్ని ఎవరికీ అందించకుండానే ఠక్కున బల్లమీద పెట్టేసింది.

"దానికి మరీ సున్నితం లెండి," అంది అత్తగారు. "పిట్ట పిల్ల పోయిందని అన్నం మానేసి కూర్చుంది!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకున్నప్పుడల్లా తనమీద తనకే అసహ్యం వేసేది.

మళ్ళీ పూలకాలం వచ్చింది. ఆ రోజుల్లో అత్తగారిది పొద్దున లేస్తే ఒకటే పాట: "పిల్లలు వద్దని ఇంకెన్నాళ్ళు ఆ మాత్రలు మింగుతావు? ఒక నలుసును కనవే." భర్త పేపరు మడుస్తూ "అమ్మ చెప్పేదీ నిజమే" అనేవాడు.

అప్పుడే పిట్ట తిరిగొచ్చింది. ఇంకో కొమ్మకు సాలెపోగులు చుడుతుంటే భర్త కంటపడింది. "అదిగో! ఈసారి ముందే చుట్టూ శుభ్రం చేసేద్దాం. పోయినసారి వెలుతురు చాలలేదు," అన్నాడు హుషారుగా.

అతను అటు వెళ్ళగానే ఆమె స్టూలు వేసుకుని ఎక్కింది. వేళ్ళతో ఆ పోగులన్నీ లాగేసింది. పిట్ట తీగమీదినుంచి కీచుకీచుమని తిట్టింది. మళ్ళీ వచ్చి అల్లింది. ఆమె మళ్ళీ లాగేసింది. "ఇంకా గుడ్లు పెట్టలేదు కదే, పోవే తల్లీ, పో," అంటూ ఏడ్చింది. చివరికి పిట్ట రావడం మానేసింది. పెరడంతా పాడుపడినట్టయింది.

కెమెరా సర్దుకుని వచ్చిన భర్త కొమ్మలన్నీ వెతికాడు. "పిట్ట ఏదీ?"

"రాదు. నేనే తరిమేశాను."

"మతి పోయిందా నీకు? ఎందుకూ?"

గుమ్మంలోకి అత్తగారు కూడా వచ్చి నిలబడింది. ఆమె ఇద్దరినీ చూసింది.

"ఈ ఇంట్లో పిల్లల్ని కనకూడదని," అంది.