కాళ్లు పైకెత్తినవాడు

గాజువాకలో ఇళ్ల మధ్య నుంచి పెద్ద రోడ్డు మీదికి వెళ్లే సందు ఒకటుంది. పొద్దుటిపూట ఆ సందు మొదట్లో కాసేపు నిలబడి చూస్తే చాలు, మన జనం తెలివి ఏపాటిదో తెలిసిపోతుంది. ఇది ఎనభైల మొదట్లో మాట. ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి పనులు జోరుగా సాగుతున్న రోజులు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి చేరినవాళ్లు టిఫిను క్యారేజీలు హ్యాండిల్‌కి తగిలించుకుని, సైకిళ్ల మీద ఆ సందులోంచే డ్యూటీలకి పోయేవారు.

సందు మధ్యలో గురునాథరావు గారి మేడ. ఆయనకి ఇనుము, సిమెంటు వ్యాపారం. కొట్లో పట్టని ఇనప ఊచలు ఇంటి ముందు వీధిలోనే గుట్టగా పడి ఉండేవి. వాటికి కాపలా మనిషిని పెట్టడం దండగనిపించి, ఆయన మూడు వీధి కుక్కలకి రెండు పూటలా గేటు దగ్గర అన్నం పెట్టించేవారు. అవి ఆ ఊచల పక్కనే పడుకునేవి. సైకిలు కనబడిందంటే లేచి వెంటపడేవి.

సైకిలు వాళ్లు ఊరుకుంటారా. ఒకడు చొక్కా జేబులో రాళ్లు వేసుకొచ్చేవాడు. ఒకడు వెదురు కర్ర సైకిలు బారుకి కట్టుకుని తిరిగేవాడు. ఇంకొకడు తొక్కుతూ తొక్కుతూనే చెప్పు కాలితో తన్నబోయి, హ్యాండిల్ తిరిగిపోయి కాలవలో పడేవాడు. ఎక్కువమందికి మాత్రం ఒకే ఒక్క విద్య తెలుసు. సందు మొదట్లోనే బలమంతా పెట్టి తొక్కడం, కుక్కలు దగ్గరికి రాగానే రెండు కాళ్లూ ఎత్తి బారు మీద పెట్టుకోవడం, సైకిలు దొర్లినంత దూరం దొర్లడం. అవతలికి చేరాక ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవారు. వెనకొచ్చేవాడి సంగతి ఎవరికీ పట్టదు. సైకిలు దిగి నాలుగు అడుగులు నడుద్దామన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు. దిగితే మగతనం ఎక్కడ తగ్గిపోతుందోనని కాబోలు.

ఎల్లారావు కూడా ఆ కాళ్లెత్తే బాపతే. సబ్బవరం దగ్గర పల్లె నుంచి వచ్చి ఒక కాంట్రాక్టరు కింద వెల్డరుగా కుదిరాడు. భార్య దేముడమ్మ పెద్ద రోడ్డు మీద జన్నత్ బీ కుట్టు షాపులో మిషను తొక్కేది. జన్నత్ బీ పాతపట్నంలో దర్జీల ఇంట పుట్టిన మనిషి. కొడుకులు వద్దంటున్నా వినకుండా గాజువాక వచ్చి షాపు పెట్టి, ఫ్యాక్టరీల వాళ్లకి ఖాకీ బట్టలు కుట్టించి ఇచ్చేది. దేముడమ్మ చేతి కుట్టంటే ఆమెకి నమ్మకం.

అంతవరకూ దేముడమ్మ ఆ సందులోంచి రోజూ నడిచే వెళ్లేది. ఎల్లారావు పొద్దుటి జనరల్ షిఫ్టుకి మారిన రోజున, నిన్ను దింపేసి పోతానని అతను ముచ్చటపడ్డాడు.

"వొద్దు మావా, ఆ కుక్కలున్నాయి. నాను నడిసొచ్చెత్తాను," అంది దేముడమ్మ.

"నానుండగా నీకేటి బయ్యం? ఎక్కు."

ఆమె క్యారియర్ మీద పక్కకి తిరిగి కూర్చుంది. సందులోకి రాగానే ఎల్లారావు లేచి నిలబడి తొక్కాడు. మూడు కుక్కలూ వచ్చాయి. అతను అలవాటు ప్రకారం కాళ్లు రెండూ ఎత్తి బారు మీద పెట్టుకున్నాడు. సైకిలు దొర్లుకుంటూ పెద్ద రోడ్డు చేరింది.

"సూసావా, దాటించేసాను," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

సైకిలు ఆపాడు. తిరిగి చూస్తే దేముడమ్మ పళ్లు బిగపట్టి చీర కుచ్చెళ్లు పట్టుకుని ఉంది. ఎడమ కాలి పిక్క నుంచి రక్తం కారి చెప్పులోకి దిగుతోంది. ఆ మూడింటిలో ఎర్ర కుక్క పట్టేసింది.

మన ఊళ్లలో కుక్క కరిస్తే వైద్యులకి కొదవ లేదు. పాన్ షాపు దగ్గర ఒకడు సున్నం రాయమన్నాడు. ఒకావిడ ఇంట్లోంచి కారం గుప్పిట్లో పట్టుకొచ్చింది. ఇంకొకడు ఏదో ఊళ్లో పసరు పోస్తారని, పథ్యం చేస్తే చాలని చెప్పాడు. ఎల్లారావు ఆ పసరు మాటకి దాదాపు ఒప్పుకున్నాడు. జన్నత్ బీ షాపులోంచి వచ్చి వాళ్లందర్నీ తిట్టి, కుళాయి కింద కాలు పెట్టించి సబ్బుతో కడిగించి, ఇద్దర్నీ బస్సెక్కించి పెద్దాసుపత్రికి పంపింది.

అక్కడ బొడ్డు చుట్టూ పొడిచే సూదుల సంగతి తెలిసిందే. రోజూ రావాలన్నారు. డాక్టరు గారు ఇంకో మాట కూడా అడిగారు.

"కరిచిన కుక్క ఎవరిది? పది రోజులు కట్టేసి చూడండి. అది బాగానే ఉంటే దానికి పిచ్చి లేనట్టే, మనకి ధైర్యం. చచ్చిపోయినా, కనబడకపోయినా వెంటనే వచ్చి చెప్పండి. దాన్ని మాత్రం కొట్టి చంపకండి."

ఎల్లారావు ఆ సాయంత్రమే గురునాథరావు గారి గేటు దగ్గర నిలబడ్డాడు.

"బాబూ, మీ ఎర్రకుక్క మా యింటిదాన్ని కరిసేసింది. దాన్ని కాసిని రోజులు కట్టించండి బాబూ."

"నా కుక్కేమిటయ్యా? వీధి కుక్క అది," అన్నారు గురునాథరావు గారు.

"మీరే కదా బాబూ అన్నం పెడతారు."

"పెడితే? కాకులకీ పెడతాను. కాకి తన్నినా నా దగ్గరికే వస్తావా?"

గేటు మూసుకుంది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆ ఎర్రకుక్క ఆయన పంచె పక్కనే తోక ఊపుతూ నిలబడి ఉంది. వారం కిందట ఊచలు ఎత్తుకుపోబోయిన దొంగని ఆ కుక్కలే తరిమాయని, 'మా కుక్కల్ని మించినవి లేవు' అని వీధంతా చెప్పుకున్నదీ ఆయనే. దొంగ వచ్చినప్పుడు సొంతమై, కరిచినప్పుడు వీధిదైపోయే ఆస్తి మన దేశంలో ఇదొక్కటే అనుకుంటే పొరపాటు. చూడగలిగితే ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి.

దేముడమ్మ కాలు వాచింది. కుట్టు మిషను తొక్కాలంటే పిక్క ఆడాలి. పట్టుమని ఒక చొక్కా చేయి కుట్టేలోపు కళ్లమ్మట నీళ్లు వచ్చేవి. సూదులకి బస్సెక్కడానికి కుంటుకుంటూ ఆ సందులోంచే పోయేది. సైకిలెక్కమంటే ఒప్పుకునేది కాదు. రోజూ గురునాథరావు గారి ఇంటి ముందు ఆగి ఎర్రకుక్కని వెతుక్కునేది. అన్నం తింటోందా, నీళ్లు తాగుతోందా, చొంగ కారుస్తోందా అని చూసేది. తన పిక్క చీరేసిన కుక్క చల్లగా ఉండాలని దణ్ణం పెట్టుకోవాల్సిన గతి పట్టింది ఆ మనిషికి. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచి మంచినీళ్లు తాగి చూసుకునేది, గొంతు దిగుతున్నాయో లేదో అని.

ఎల్లారావుకి ఇదంతా చూస్తే కోపం ముంచుకొచ్చింది. ఆ కోపం తన మీదికి రాకుండా కుక్కల మీదికి, గురునాథరావు గారి మీదికి పోయింది. సైటు నుంచి ఒక ఇనప రాడ్డు తెచ్చి సైకిలుకి కట్టుకున్నాడు. మర్నాడు నల్లకుక్క నడుం మీద ఒక్కటిచ్చి దాటిపోయాడు. వెనకాల కూరల బుట్టతో సైకిలు తొక్కుకొస్తున్న తవిటయ్య అనే ముసలాయన మీద మిగతా రెండూ విరుచుకుపడ్డాయి. బుట్టతో సహా పడ్డాడాయన. మోచెయ్యి చెక్కుకుపోయింది. రాడ్డు కొట్టినవాడు అప్పటికే సందు దాటేశాడు.

"రేపు ఎర్రదాన్ని సంపెత్తాను," అన్నాడు ఎల్లారావు ఆ సాయంత్రం.

దేముడమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "దాని జోలికెల్లకు మావా. అది సచ్చిపోతే నాకేటవుతాదో నాకెలా తెలుత్తాది? డాట్రు బాబు ఏటన్నాడో మరిసిపోయావా?"

"మరేటి సెయ్యమంటావు? ఊరుకోమంటావా?"

"నాను రోజూ ఆటి ముందే నడిసెల్తన్నాను. నన్ను ఏటీ అనవు. నిన్న వీరన్న బావ సైకిలు సైను పడిపోయింది. దిగి నిలబడ్డాడు. తరుముకొచ్చినియి కూడా ఆగిపోయి, మొరిగి మొరిగి ఎల్లిపోనాయి. మీరు పారిపోతన్నారు గనకే అయి ఎంబడి పడతన్నాయి."

"సైకిలు తొక్కడం తెలీనిదానివి, నువ్వు నాకు సెప్తావా," అని అతను కసిరి లేచిపోయాడు. నిజం చెప్పినవాళ్లని కసరడం మనకి మొదటినుంచీ అలవాటే కదా.

రెండు రోజులకి జన్నత్ బీ షాపులో పంచాయితీ పెట్టాడు ఎల్లారావు. ఖాకీ బట్టలు తీసుకోవడానికి వచ్చిన నలుగురైదుగురు ముందు నిలబడి, కుక్కల్నీ, వాటికి అన్నం పెట్టేవాడినీ, పట్టించుకోని సర్కారునీ వరసపెట్టి దులిపేస్తున్నాడు. అందరూ తలలూపుతున్నారు. కుక్కలకి విషం కలిపిన అన్నం పెట్టాలని తీర్మానం కూడా అయిపోతోంది. దేముడమ్మ మిషను ముందు తల వంచుకుని కూర్చుంది.

జన్నత్ బీ కత్తెర కింద పెట్టింది. "అంతా సరే బేటా. కుక్క వచ్చింది, కరిచింది. అప్పుడు నీ కాళ్లెక్కడున్నాయి?"

ఎల్లారావుకి అర్థం కాలేదు. "నా కాళ్లా బీబమ్మా?"

"నీ కాళ్లే. పెడలు మీదున్నాయా? నేల మీదున్నాయా?"

ఎల్లారావు చూపు దేముడమ్మ వైపు పోయింది. ఆమె మొదటిసారి ఆ మాట పైకి అంది.

"బారు మీదున్నాయి బీబమ్మా. రెండూ ఎత్తీసుకున్నాడు. నాను పక్కకి కూకున్నాను కదా, నా కాళ్లు రెండూ కిందే ఏలాడతన్నాయి. నాకు ఎత్తుకోడానికి సోటేదీ?"

అక్కడున్న ప్రతి మగాడూ ఏదో ఒక రోజు అలా కాళ్లెత్తినవాడే.

"గురునాథరావు తప్పు చేశాడు, నేను కాదనను," అంది జన్నత్ బీ. "అన్నం పెట్టినవాడు గొలుసు కూడా వేయాలి. ఆయన గేటు ముందు నిలబడి నేనే అడుగుతాను. కానీ బేటా, ఆయన గొలుసు వేసేదాకా నీ భార్యని ఎవరు కాస్తారు? రాయి వేసినవాడు వెళ్లిపోతాడు, రెచ్చిపోయిన కుక్కలు వెనకొచ్చిన ముసలోడిని పట్టుకుంటాయి. నువ్వు కాళ్లెత్తితే దానికి ఈ పిల్ల కాలు దొరికింది. ఇప్పుడు విషం పెడతారా? ఆ కుక్క చస్తే, ఈ పిల్లకి రోజూ చచ్చే భయమే. మీలో ఒక్కడు దిగి, సైకిలు అడ్డం పెట్టుకుని, మెల్లగా నడిస్తే ఏం పోతుంది? షిఫ్టుకి కాస్త ముందు బయల్దేరండి."

ఎల్లారావు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. నానుండగా నీకేటి బయ్యం అన్న తన మాటే అతని చెవిలో తిరుగుతోంది. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్న సందు మొదట్లో సైకిలు దిగాడు. రాడ్డు విప్పి ఇంట్లోనే పడేసి వచ్చాడు. నడిచొస్తున్న దేముడమ్మని గోడ వైపు ఉంచి, కుక్కల వైపు సైకిలు పెట్టుకుని నడిపించడం మొదలుపెట్టాడు. వెనకాల బెల్లులు మోగాయి.

"ఏటి బావా, పంచరా? పక్కకి జరుగు, లేటైపోతన్నాది."

"పంచరు కాదు. దిగండి. కలిసి నడుద్దాం," అన్నాడు ఎల్లారావు.

కొందరు గొణిగారు. సందు ఇరుకు కాబట్టి దాటడానికి చోటు లేక దిగారు. కుక్కలు మూడూ దూకుతూ వచ్చాయి. ఎల్లారావుకి పరిగెత్తాలని కాళ్లు లాగాయి. కానీ ఆగాడు. సైకిలు అటు పక్కన కుక్కలు కూడా ఆగాయి. తరమడానికి ఏమీ దొరక్క కాసేపు మొరిగాయి. చేతిలో రాయి లేని మనుషులు మెల్లగా నడుస్తూ పోతుంటే, నల్లది ముందు వెనక్కి తిరిగింది. ఎర్రది చివరిదాకా గుర్రుమని, తర్వాత ఊచల పక్కన పడుకుంది. బతికే ఉంది. దేముడమ్మ దాన్ని చూసి గట్టిగా ఊపిరి తీసుకుంది.

గురునాథరావు గారు గేటు తీసి, "ఏమిటయ్యా ఈ గుంపు?" అన్నారు.

"గుంపు కాదు బాబూ, డ్యూటీకి ఎల్తన్నాం," అన్నాడు ఎల్లారావు. "షిప్టు టైముల్లో ఆటిని లోపల కట్టించండి. మీ మాట ఇంటాయి, మా మాట ఇనవు. రోజూ ఇలాగే మీ గేటు ముందు ఆగి అడుగుతాం."

ఆయన వెంటనే ఏమీ ఒప్పుకోలేదు. మీకేం పనిలేదా అని కూడా అన్నారు. రోజూ అన్ని సైకిళ్లు తన గేటు ముందు ఆగుతూ, జన్నత్ బీ కూడా వచ్చి నలుగురిలో అడుగుతూ ఉంటే, చివరికి గొలుసులు కొనక తప్పలేదు. దానికి నెల పట్టింది. ఆ నెలంతా కొత్తగా వచ్చిన కుర్రాళ్లు కాళ్లెత్తి దూసుకుపోతూనే ఉన్నారు, కుక్కలు రెచ్చిపోతూనే ఉన్నాయి. చెప్పగా చెప్పగా ఒక్కొక్కడే దిగడం నేర్చుకున్నాడు. దేముడమ్మ సూదులు పూర్తయ్యాయి. మళ్లీ మిషను తొక్కగలిగింది, కానీ సాయంత్రాలు పిక్క లాగేది.

సందు దాటాక ఒక రోజు ఎల్లారావు సైకిలు ఆపి, "ఇప్పుడైనా ఎక్కుతావా?" అని అడిగాడు. అడిగేటప్పుడు తల ఎత్తలేదు.

దేముడమ్మ క్యారియర్ మీద కూర్చుని అతని భుజం పట్టుకుంది.

"ఎక్కుతాను మావా. కానీ ఒక మాట ఇను. నీ కాళ్లు నువ్వెత్తుకుంటే, ఎనకున్నోల్ల కాళ్లు కుక్కలకి అప్పజెప్పినట్టే. బయం ఏసినప్పుడు ముందున్నోడే ముందు దిగాల."