తోకలేని తేలు

పొద్దున లేవంగనే మొకం కడగకముందే మల్లవ్వ తన చెయ్యి చూసుకుంటది. పచ్చబొట్టు సాలెపురుగు రాత్రి ఎక్కడ పనిచేసిందో చూడాలె కదా. నిన్న రుద్రారం హాస్టల్ల గిన్నెలు తోముతుంటే చెయ్యికి రేకు గీరుకున్నది. ఆ గాయం మీద సన్నటి పచ్చని పోగులల్లి, మోచెయ్యి కాడికి పోయి పండుకున్నది సాలెపురుగు.

"మంచిగ పండు," అని చెయ్యి తడిమి, చాయ్ పెట్టుకున్నది.

అసలది సాలెపురుగు కానే కాదు. పెండ్లయిన కొత్తల జాతరకు పోయి పచ్చబొట్లామెను తేలు పొడువుమన్నది మల్లవ్వ. ఆమె పక్కామెతోని ముచ్చట పెట్టుకుంట తోక మరిచింది, తేలు కాస్త సాలెపురుగయింది. మల్లవ్వ ఏడుపు మొకం పెట్టింది, మొగడు ఐలన్న పొట్ట పట్టుకోని నవ్విండు.

"పోనీ తియ్యి! పోయేటప్పుడు ఎంట వచ్చేది పచ్చబొట్టొక్కటే. పైన మల్లవ్వలు మస్తుమంది ఉంటరు. తోకలేని తేలును చూసి నిన్ను పట్టుకుంట."

ఐలన్న పోయి పదకొండేండ్లయింది. తల్లిదండ్రి లేని మనవరాలు ప్రియాంకను ఆ చెయ్యితోనే సాదింది మల్లవ్వ. ఎప్పటికైనా ఆయన గుర్తుపడ్తడన్న ధీమా ఆమెకు.

ఆ సాలెపురుగు గురించి ఎవరి మాట వాళ్లది. పూజారి, కాళహస్తిల శివునికి గూడు కట్టిన జీవమని దండం పెడ్తడు. పక్కింటి ముత్యమ్మ, "ఇంట్ల బూజే దరిద్రం, ఇగ ఒంటి మీదనా?" అని మూతి తిప్పుతది. హాస్టల్ల ఉండే ఆఫ్రికా పిల్ల వచ్చీరాని తెలుగుల, "మా దేశంల కథలన్నీ సాలెపురుగువే ఆంటీ" అన్నది.

"గట్లయితే నా కథ గూడ దానికే ఎరుక," అని నవ్వింది మల్లవ్వ.

ఆ దినం ప్రియాంక ఎనిమిదింటికి కంపెనీ బస్సెక్కింది. అట్టపెట్టెలు చేసే కంపెనీల ఆమె పని. పదకొండింటికి ఫోనొచ్చింది. అట్టలు కోసే బ్లేడు మణికట్టు మీద పడ్డదట.

మల్లవ్వ ఆటోల పటాన్‌చెరు దవాఖానకు పోయేసరికి పిల్ల మొకం తెల్లగ పాలిపోయింది.

"రక్తం ఆగుతలేదమ్మా. పట్నం తీస్కపోవాలె," అన్నడు డాక్టరు. అంతసేపు పిల్ల ఉండదని ఆయన మొకమే చెప్తున్నది.

మల్లవ్వ తన చెయ్యిని పిల్ల చెయ్యికి ఆనిచ్చింది. సాలెపురుగు నడుచుకుంట మణికట్టు దాకా వచ్చి ఆగింది.

"వద్దు నాయినమ్మా," ప్రియాంక గొంతు పీలగ వచ్చింది. "తాత నిన్నెట్ల గుర్తుపడ్తడే?"

మల్లవ్వకు ఆ సంగతి ఎరుకే. అయినా ఆగలే.

"నోరు మూసుకోని పండు బిడ్డా," అని సాలెపురుగు దిక్కు తిరిగింది. "నీకు దండం పెడ్త. పో!"

పోయింది. తెగినకాడ అటూ ఇటూ తిరిగి పోగు మీద పోగల్లింది. రక్తం ఆగింది. నర్సు దూదితోని తుడిచి అడిగింది.

"అవ్వా, ఇగ ఇది ఇక్కడ్నే ఉంటదా?"

"ఉంటది. పట్టీ జెర వదులుగ కట్టు తల్లీ, తిరుగుతది అది."

ఇంటికొచ్చినంక ప్రియాంక రోజూ చెయ్యికి చెయ్యి ఆనిచ్చి, వాపస్ పొమ్మని సాలెపురుగును బతిలాడింది. అది అంచు దాకా వచ్చి వెనుకకే మళ్లేది. ఒకనాడు మల్లవ్వ తన బోడి చెయ్యి చూసుకుంట బోరున ఏడ్చింది.

"నా కోసం ఎంత పని చేస్తివి నాయినమ్మా," అన్నది ప్రియాంక.

"దానికి కాదే. ఆయన నన్ను వెతుక్కుంట, గుర్తుపట్టక నా ముందటికెల్లే పోతడు గదా. అందుకు ఏడుస్తున్న."

"మరి నువ్వే పిలువరాదూ?"

"పేరు పెట్టా? థూ! అన్నేండ్ల సంసారంల 'ఇగో, ఇనవడ్తుందా' అన్నుడే తప్ప ఎన్నడన్న ఆ పేరెత్తిన్నా?"

అన్నదే గాని, తెల్లారి చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంట నేర్చుకునుడు మొదలుపెట్టింది. "ఐ..." అని కొంగు నోట్ల కుక్కుకునేది. వారానికి "ఐల" దాకా వచ్చింది. ముత్యమ్మ సుత మూతి తిప్పుడు మాని, "ఇంకొక్క అక్షరమే వదినా" అని ధైర్యం చెప్పింది.

చలికాలం మల్లవ్వ జ్వరంతోని మంచాన పడ్డది. మూడో దినం పొద్దున ప్రియాంక గంజి తాపుతుంటే చెంచా పక్కకు నూకింది. వాకిలి దిక్కు చూసి గొంతెత్తింది.

"ఐలన్నా! ఓ ఐలన్నా! గటెటు పోతున్నవ్? ఇగో, ఇక్కడున్న!"

గల్లీ అంత ఇన్నది. జెరంతసేపటికి మల్లవ్వ నాలిక కరుచుకోని, బోడి చెయ్యితోని కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. కొత్త పెండ్లికూతురు సిగ్గువడ్డట్టు మొకం మీదికి గూడ గుంజుకున్నది. మళ్ల తియ్యలే.