చివర పెట్టిన సంగతి

ఆదివారం మధ్యాహ్నం ఆమె కంచాలు పెడుతుంటే భర్త ఎప్పటి మాటే అన్నాడు. "నీ శిక్షణ సంగతి తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాంలే."

ఆరు వారాల శిక్షణ, వేరే ఊళ్ళో. వెళ్ళొస్తేనే ఆమెకు పదోన్నతి. నిరుడూ ఆయనకు తీరిక దొరికేలోగా గడువు కాస్తా దాటిపోయింది. ఈసారి గడువు రేపే. ఇంట్లో వద్దన్నవాళ్ళెవరూ లేరు. మాట్లాడుకోవడానికి కూర్చుంటే ముందు అత్తగారి మోకాళ్ళ డాక్టరు, తర్వాత కూతురి ట్యూషను, ఆపైన ఆయన కొత్త బండి. ఆమె మాట వచ్చేసరికి ఆయనకు ఆవలింత.

ఆ ఆవలింతల సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా! పదకొండేళ్ళుగా పార్లమెంటు సచివాలయంలో సభ కార్యక్రమాల జాబితా టైపు చేస్తోంది. ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళ పింఛను బిల్లు మూడు సమావేశాలుగా ఆమె చేతుల మీదుగానే పందొమ్మిదో అంశంగా వెళ్తోంది. సభ ఏ రోజూ పన్నెండో అంశం దాటదు. ఆ బిల్లును ఎవరూ ఓడించలేదు, చివర పెట్టారంతే.

సభా వ్యవహారాలు చూసే మంత్రిగారి కార్యదర్శి మాత్రం ఘటికుడు. తమకు కావాల్సిన బిల్లుంటే, పార్టీల నాయకుల్ని కూర్చోబెట్టి "తీసుకుందామా?" అని చచ్చినా అడగడు. "సోమవారమా, మంగళవారమా?" అంటాడు. వాళ్ళు రోజు గురించి జుట్లు పట్టుకుంటారు, బిల్లు దర్జాగా జాబితా తలకెక్కుతుంది.

ఇన్నేళ్ళూ ఆమె ఆ తెలివి పక్కనే కూర్చుని ఒక్కనాడూ ఇంటికి తెచ్చుకోలేదు. శిక్షణ దరఖాస్తులో భర్త సంతకానికి అసలు చోటే లేదని మొన్న శుక్రవారం చదివాకే గమనించింది. తన మీద తనకే ఒళ్ళు మండింది.

కూరగిన్నె మీద మూత పెట్టేసి, అందరికంటే ముందు తనే కూర్చుంది.

"ఒకటో తారీఖున శిక్షణకి వెళ్తున్నాను. కాగితం శుక్రవారమే ఇచ్చేశాను."

"అదేంటమ్మా, ఒక్క మాటైనా అడగకుండా?" అన్నారు అత్తగారు.

"అడుగుతున్నా కదా అత్తయ్యా." భర్త వైపు తిరిగింది. "ఆ ఆరు వారాలూ మీరు పొద్దుటి వంట చేస్తారా, సాయంత్రం వంటా?"

"పొద్దున నాకెక్కడ కుదురుతుంది? ఆఫీసు హడావుడి," అన్నాడాయన గాభరాగా. "సాయంత్రమైతే... ఏదోలా..."

కూతురు కిసుక్కున నవ్వింది.

"సరే, సాయంత్రం మీది," అంటూ ఆమె మూత తీసి, మొదట తన కంచంలో వడ్డించుకుంది.