మార్ల్‌కోట్ హాలులో ఆఖరి గది

హిల్డా పార్జిటర్ బకెట్టును కాలితో జరుపుకుంటూ పొడవాటి నడవా తుడుస్తోంది. అరవై నాలుగేళ్ల మనిషి. వేళ్లు చాకలిసోడా నీళ్లకు నాని ఉబ్బిపోయాయి, కుడిమోకాలు వంగదు. మార్ల్‌కోట్ హాలులోని వృద్ధాశ్రమం ఇవాళ్టితో మూతపడుతోంది. ఇక ఎవరూ నడవని నేలను తుడవడం దేనికని ఆమెకు తోచలేదు. పొద్దున ఆరు కొట్టింది, తుడుస్తోంది.

పద్నాలుగో ఏట ఆమె పనిపిల్లగా వచ్చినప్పుడు ఇది వెరికర్ దొరల ఇల్లు. యుద్ధంలో సైనికుల ఆసుపత్రి అయింది. ఇనుపమంచాల కాళ్లు గీసిన గీతలు కిటికీల కింద ఇంకా పోలేదు. కాలు పోగొట్టుకున్న సైనికుడొకడు ఇక్కణ్నుంచి వెళ్లాక ఆమెకు రెండు ఉత్తరాలు రాశాడు. మూడోది రాలేదు. తరువాత ఆడపిల్లల బడి. బడి నడవక మూతపడితే జిల్లా కౌన్సిల్ ముసలివాళ్లను తెచ్చిపెట్టింది. ఇప్పుడు హోటల్‌వాళ్లు కొన్నారు. ఇల్లు చేతులు మారినప్పుడల్లా బల్లలూ కుర్చీలతో పాటు హిల్డానూ అప్పగించేవారు. ఈసారి మాత్రం, గుర్రాలశాల మీద ఆమె ఉండే గదిని శనివారంలోగా ఖాళీ చేయమన్నారు.

పదిగంటలకల్లా ముసలివాళ్లందరినీ వ్యాన్లలో తీసుకుపోయారు. మిగిలింది సిసిలీ వెరికర్ ఒక్కతే. ఈ ఇంటి ఆడపడుచు. తండ్రి అమ్ముకున్న ఇంటికి డెబ్బై ఎనిమిదో ఏట కౌన్సిల్ ఖర్చు మీద తిరిగొచ్చింది. ఒకప్పుడు దుప్పట్లు దాచిన కొట్టుగదిలో ఆమెకు మంచం వేశారు.

"కారొస్తోంది, చిన్నమ్మగారూ. కోటు తొడుక్కోండి."

"ఎక్కడికట?"

"సముద్రం ఒడ్డుకట. కొత్త కట్టడం. లిఫ్టు కూడా ఉందట."

"లిఫ్టెక్కి ఎక్కడికి పోవాలి నేను? మరి నువ్వో?"

"నాకేంటండీ. మా చెల్లెలి కూతురుంది."

"అబద్ధమాడ్డం నీకు చిన్నప్పట్నుంచీ చేతకాదు, హిల్డా."

హిల్డా కోటు బొత్తాలు పెడుతూ, "చోటు లేదందండీ," అంది.

"కూర్చో."

"ఏప్రన్ తడిగా ఉందండీ."

"కూర్చోమంటుంటే."

యాభై ఏళ్లలో మొదటిసారి హిల్డా ఆమె ముందు కూర్చుంది, మంచం అంచున. సిసిలీ ఎడమచేతికి ఉన్ని తొడుగు వేసి, రెండో తొడుగు కోసం కుడిచేయి అందుకుంది. వేళ్లు బరువుగా జారిపోయాయి. సిసిలీ తల కిటికీ వైపు వాలి ఉంది. హిల్డా ఎవర్నీ పిలవలేదు. ఆ చేయి చల్లబడేదాకా పట్టుకుని కూర్చుంది.

ఆశ్రమాన్ని నడిపే మేట్రన్ వచ్చి చూసింది. "పోయిందా, పాపం. ఎక్కడికీ వెళ్లనంటూనే ఉంది. గది కాస్త తుడిచెయ్యి హిల్డా, నాలుగింటికి హోటల్‌వాళ్లు చూడ్డానికొస్తున్నారు."

శవాన్ని తీసుకుపోయాక హిల్డా గోడవారనుంచి గడపదాకా తుడిచింది. తన గది తాళంచెవి మేట్రన్ బల్ల మీద పెట్టి, శనివారం దాకా ఆగకుండా, ఆ మధ్యాహ్నమే బస్సెక్కింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

కొట్టుగది మంచం మీద కుడిచేతి తొడుగు మిగిలిపోయింది. బూడిదరంగు ఉన్నిది, బొటనవేలి దగ్గర నల్లదారంతో కుట్టుకున్నది, అరచేయి పైకి తిరిగి ఉంది.