ముక్కులో బరువు

ఇంకో ఇరవై నిమిషాలు అన్నాడు మా ఆయన, జిగురు ఆరకుండా నిలబెడితే చక్రాలు కాళ్ళు చాపేస్తాయట, పోనీలే, ముప్పై నాలుగేళ్ళు ఆగినదాన్ని ఇరవై నిమిషాలు ఆగలేనా, ఆయన కట్టిన బాంబరు విమానం బొమ్మ బల్ల మీద పాత తువ్వాలు మడతలో వెల్లకిలా పడుకుని ఉంది, రెక్కలు బార్లా చాపుకుని, నాలుగింజన్లు, మూడు చక్రాలు, రెండు రెక్కల కింద, ఒకటి ముక్కు కింద, ఆ ముక్కు కింది చక్రం మీదే నా కళ్ళు, ఎందుకంటే అలాంటి చక్రం ఉన్న విమానం బొమ్మకి ముక్కులో బరువు పెట్టి తీరాలి, లోపలంతా బోలు ప్లాస్టిక్ కదా, బరువు లేకపోతే తోక మీద చతికిలబడుతుంది, పొట్ట రెండు చెక్కలూ అతికించకముందే సీసపు గుళ్ళు పోసి మూసేయాలి, మూశాక ఇక దారి లేదు, ఈ పిచ్చి పట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు, పక్క గదిలో బీన్స్ ఈనెలు తీస్తూ విన్న నాకూ తెలుసు, ఆయన పెట్టలేదు, నేను చెప్పలేదు.

చెప్పొద్దన్నాడు కదా డాక్టరు, ఆయన్ని బయట కుర్చీలో కూర్చోబెట్టి నాతో అన్నాడు, అమ్మా, ఇది వయసు మరుపో ఇంకేదైనానో ఇప్పుడే చెప్పలేను, చేయి తిరిగిన పని ఏదో ఒకటి మొదలుపెట్టించండి, అందించకండి, గుర్తు చేయకండి, ఊరికే చూడండి, మహానుభావుడు, ఇన్నేళ్ళుగా నాకెవరూ ఇంత మంచి పని చెప్పలేదు, ఆ సాయంత్రమే విమానం బొమ్మలమ్మే షాపుకి బయల్దేరదీశాను, లోపలి అరలో బాంబర్ల పెట్టెలు, ఆయన రెండింటిని చెరో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, ఒకటి తోక కింద చక్రం ఉన్న రకం, ముక్కు పైకెత్తి కూర్చోవడమే దాని తీరు, బరువు బెడద లేదు, ఈమధ్య నాలుగైదేళ్ళుగా ఆయన కట్టినవన్నీ అవే, రెండోది ఇది, ఇదే బావుందండీ అన్నాను, ముక్కంతా అద్దాలే, మీ క్లబ్బు ప్రదర్శనలో నలుగురూ మీ చుట్టే మూగుతారు, పొగిడితే పడిపోతాడు, పడ్డాడు, షాపతను పెట్టె సంచిలో పెడుతూ, సార్, ముక్కులో బరువు మర్చిపోకండేం అన్నాడు, నీకు పాలపళ్ళు ఊడకముందు నుంచి కడుతున్నానయ్యా, నాకు చెబుతున్నావా అని కస్సుమన్నాడు ఈయన, ఆ కస్సు వినగానే ఉలిక్కిపడ్డాను, కొంపదీసి ఈయనకేమీ కాలేదేమో, నా ఆశ అడుగంటిపోతుందేమో అని, ఆశే, ఇంకో మాటెందుకు.

నాకేం పాపం భయం లేదు, యూనిఫారాలు కుట్టే చోట కత్తిరింపు బల్ల దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడ్డదాన్ని, నలభై పొరల బట్ట ఒక్కసారే కోస్తే పై పొరకీ అడుగు పొరకీ నూలుపోగంత తేడా వచ్చేది కాదు, మా సూపర్వైజరు కొత్తవాళ్ళని తీసుకొచ్చి నా చేతులు చూడమనేవాడు, ఇంట్లో మాత్రం పట్టకారు ముట్టుకోవడానికి లేదు, ఒకసారి దుమ్ము దులుపుతుంటే ప్రొపెల్లరు రెక్క విరిగింది, చిటికెన వేలి గోరంత ముక్క, పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు, పన్నెండో రోజు నోరు విప్పి ఉప్పు తక్కువైంది అన్నాడు, క్లబ్బువాళ్ళు వస్తే కాఫీ కప్పులు అందుకుంటూ, మా ఆవిడకి సైజులు తెలుసుగానీ స్కేలు తెలీదండీ అనేవాడు, అసలు విమానాన్ని ఎన్నో వంతుకి కుదించారో ఆ లెక్కట, వాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని, నా మొహం మండ, ఎందుకు నవ్వానో ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, మరోసారి ఏదో బాంబరు పొట్ట కింద తలుపులు అతికిస్తూ ఎన్ని టన్నులు మోసేదో చెబుతున్నాడు, మరి కింద ఉన్నవాళ్ళో అన్నాను, తలెత్తకుండానే, అంత ఎత్తు నుంచి మనుషులు కనిపించరు, కనిపించనివి మోడల్లో పెట్టరు, ఇంత కూడా తెలీదా అన్నాడు, నేనెంత ఎత్తు నుంచి కనిపిస్తానండీ మీకు అని అడగబోయాను, ఈలోపు పాలు పొంగిపోయాయి.

పొట్ట మూసిన రోజు ఎండ సరిగ్గా బల్ల మీద పడుతోంది, అది జరిగి తొమ్మిది రోజులైంది, గుళ్ళ డబ్బా ఆయన మోచేతికి జానెడు దూరంలో ఉంది, మొదటిరోజే తీసి పెట్టుకున్నాడు, దాన్ని చేతిలోకి తీసుకున్నాడు, చెవి దగ్గర ఆడించి గలగలలు విన్నాడు, మళ్ళీ అక్కడే పెట్టేశాడు, చెక్కల అంచులకి జిగురు రాశాడు, చేయి వణకలేదు, గీత దాటలేదు, ఎంత పొందిగ్గా మూశాడో చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది, రబ్బరు బ్యాండ్లు వేశాడు, మర్నాడు గరుకు కాగితంతో అతుకు తెలియకుండా రుద్దాడు, నేను మాత్రం డబ్బాని తీసుకెళ్ళి కుట్టుమిషను సొరుగులో దారపుండల కింద పెట్టాను, మళ్ళీ కంటపడి గుర్తొస్తుందేమోనని, ఇది డాక్టరు చెప్పలేదు, ఇది నేనే చేశాను, ఆదివారం ప్రదర్శన, ఇరవై ఏళ్ళుగా అక్కడ మార్కులు వేసేది ఈయనే, ఒకసారి ఒక కొత్తతను ఎంతో ఆశగా తెచ్చిన బాంబరు ఇలాగే తోక మీద కూలబడితే, వేలితో దాని ముక్కు నొక్కుతూ, ఇదేమిటి బాబూ కుక్కలా కూర్చుంది అన్నాడు అందరి ముందూ, అతని చెవులు ఎర్రబడటం నేను చూశాను, ఆ తర్వాత అతను ఆ హాలుకి మళ్ళీ రాలేదు, ఈసారి అదే హాల్లో, అదే జనం ముందు ఈయన చెవులు చూడాలి, అది చాలు నాకు, డాక్టరుకి సోమవారం చెప్పొచ్చు.

ఆరింది అంటున్నాడు, తువ్వాలు మడత విప్పి రెండు చేతులా ఎత్తుతున్నాడు, పసిపిల్లనైనా అంత పదిలంగా ఎత్తలేదు ఎప్పుడూ, బల్ల మీద పెట్టాడు, వేళ్ళు తీశాడు, మూడు చక్రాల మీదా నిలిచింది, అయ్యో నిలబడిపోతుందా ఏమిటి అనుకునేలోపే ముక్కు మెల్లగా లేచింది, తోక టక్కుమని బల్లకి తగిలింది, హమ్మయ్య, ఇప్పుడు చూడాలి, ముందు మొహం ఎర్రబడుతుంది, షాపువాణ్ణి తిడతాడు, పెట్టె తయారు చేసినవాణ్ణి తిడతాడు, తర్వాత ఎందుకు గుర్తు చేయలేదని నా మీద పడతాడు, పడనీ, నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి, ముప్పై నాలుగేళ్ళుగా ఒక్కొక్కటే సాన పట్టి పెట్టుకున్నవి, తలొంచి చూస్తున్నాడు, పక్కకి వంగి చూస్తున్నాడు, గాలిలో తేలుతున్న ముక్కు చక్రాన్ని వేలితో తిప్పాడు, అది తిరుగుతుంటే చూశాడు, అప్పుడు నా వైపు తిరిగి, ఇది ఇలాగే కదా కూర్చునేది అన్నాడు.

నన్ను అడుగుతున్నాడు, విమానం సంగతి నన్ను, వెటకారం లేదు, పరీక్ష పెడుతున్నట్టూ లేదు, దారి తప్పినవాడు బస్సు నంబరు అడిగినట్టు అడుగుతున్నాడు, కాదండీ, బరువు పెట్టలేదు మీరు అనొచ్చు, ఇంకా అనొచ్చు, అవును, ఇలాగే అన్నాను, సరే అన్నాడు, ఈ ఇంట్లో నా మాటకి ఆయన సరే అనడం నేను వినలేదు ఇంతవరకు, మొహం తేటపడింది, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, ఆదివారం తీసుకెళ్దామా, నువ్వేమంటావు అని మళ్ళీ నన్నే అడుగుతున్నాడు, ఇంకా నా వైపే చూస్తున్నాడు, చెప్పేదాకా చూసేటట్టున్నాడు, ఎవరి చెవులు ఎర్రబడితే చూద్దామని కాచుకున్నానో, ఎవరి మొహాన కొడదామని అన్ని మాటలు దాచుకున్నానో, ఆ మనిషి ఈ గదిలో లేడు, ఏ రోజు వెళ్ళిపోయాడో నాకు తెలియదు, ఇక్కడ నిలబడ్డది ఎవరో పెద్దాయన, నేనేం చెబితే అది నమ్మే మనిషి, ఈయనకి నేను చెప్పిన మొట్టమొదటి మాటే అబద్ధం.