థార్న్‌బీ దొర ముఖం

నేను ఒక జింకు బ్లాకుని. ఈ కాలం వాళ్ళకు నా పేరు తెలియకపోవచ్చు, చెబుతాను. చెక్క దిమ్మకు మేకులతో బిగించిన జింకు రేకును. రేకు మీద బొమ్మ ఉబ్బెత్తుగా ఉంటుంది. సిరా పూసి కాగితం మీద అద్దితే అదే పుస్తకానికి ముఖచిత్రం. నా మీద ఉన్నది థార్న్‌బీ దొర, విక్టోరియా రాణి కాలంనాటి లండన్ డిటెక్టివ్. ఒకప్పుడు తెలుగు నవలల్లో ఆయన నెలకో హంతకుణ్ణి పట్టేవాడు. నిజంగా అన్ని హత్యలు జరిగి ఉంటే లండన్‌లో మనుషులు మిగిలేవారు కాదు. అయినా ఆ మాట ఒక్క పాఠకుడూ అడగలేదు.

నా పుట్టుక తెనాలిలో. అది నేను కళ్ళారా చూసింది కాదు, బొమ్మలేసే జకరయ్య ప్రెస్సులో పదేపదే చెప్పుకుని నవ్వుతుంటే విన్నది. జకరయ్య ఏనాడూ తెల్లదొరను చూసి ఎరగడు. ఎదురుగా మనిషి కూర్చుంటే తప్ప ఆయనకు చెయ్యి ఆడదు. అక్షరాలు పేర్చే కంపోజిటర్ కోటిలింగానికి ముక్కు పొడుగు. పాపం, అదే అతను చేసుకున్న నేరం! రోళ్ళు పగిలే రోహిణీకార్తె ఎండలో, ఓవర్‌కోటుకు బదులు గొంగళి కప్పి అతన్ని ఇంటి అరుగు మీద కూర్చోబెట్టారు. నోట్లో పైపు ఉండాలన్నాడు జకరయ్య. తెనాలిలో చుట్టలు కావలసినన్ని దొరుకుతాయి గానీ పైపు ఎక్కడ దొరుకుతుంది? కోటిలింగం భార్య భ్రమరాంబ వంటింట్లోంచి గరిటె తెచ్చి మొగుడి నోట్లో పెట్టింది. కాడ పళ్ళతో కరిచిపట్టి, చెమటలు కక్కుతూ, అతను లండన్ వీధుల్ని చూస్తున్నట్టు చూశాడు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, నవ్వు ఆగక పమిట నోట్లో కుక్కుకుంది.

జకరయ్య గరిటెను పైపుగా మార్చాడు గానీ, కోటిలింగం ఎడమ చెంప మీది పుట్టుమచ్చను ఉన్నదున్నట్టు దించేశాడు. అదేదో రహస్యానికి ఆనవాలనుకుని పాఠకులు ఉత్తరాలు రాశారు. మనుషులకు పుట్టుమచ్చ చాలు, దాని చుట్టూ కథ వాళ్ళే అల్లుకుంటారు.

పుస్తకాలు వేడివేడి పకోడీల్లా అమ్ముడవుతున్న రోజుల్లోనే కోటిలింగం పచ్చకామెర్లతో పోయాడు. మనిషి పోయినా ముఖం పోలేదు. ప్రతినెలా నాకు సిరా పూస్తూనే ఉన్నారు, అతను కొత్తగా బజారుకు వస్తూనే ఉన్నాడు. చదువు రాని భ్రమరాంబ ప్రతి పుస్తకమూ కొనుక్కునేది. హంతకుడెవరో ఆమెకు అక్కర్లేదు. అట్ట మీది మనిషి కావాలి.

తరవాత కొత్త యంత్రాలొచ్చాయి, నాతో పని లేకుండా పోయింది. ఆ నవలలూ ఆగిపోయాయి. అటక మీద ఎలుకల మధ్య ఏళ్ళ తరబడి పడున్నాను. తడి సిరా చల్లదనం కోసం, కాగితం నా మీద ఒదిగే ఆ ఒక్క క్షణం కోసం ఎంత తపించానో మీకెలా చెప్పను?

ఈమధ్య ప్రెస్సు యజమాని మనవరాలు హిమజ అటక దులిపించి నన్ను కిందికి దించింది. తాతగారి డిటెక్టివ్‌కు మళ్ళీ ప్రాణం పోస్తూ ఆ పిల్ల ఒక నవల రాసింది. థార్న్‌బీ దొర ఈసారి ఓడెక్కి బందరు రేవులో దిగుతాడట, కలంకారీ వర్తకుడి హత్య తేల్చడానికి. నా రోజులు మళ్ళీ వచ్చాయనుకుని పొంగిపోయాను. తీరా ఆమె నన్ను కాగితాలు ఎగిరిపోకుండా బరువుకు పెట్టుకుంది. అట్ట బొమ్మ కంప్యూటర్ గీసింది.

పుస్తకం వచ్చిందని తెలిసి ఒక ముసలావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. భ్రమరాంబ! పుస్తకాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. పొగమంచులో నడిచివెళ్ళే ఒక కోటు, ఒక టోపీ.

"ముఖమేదమ్మా?"

"ఇప్పుడంతా వెనకనుంచే వేస్తున్నారు మామ్మగారూ. మిస్టరీగా ఉంటుందని."

"నాకు ముఖమే కావాలి తల్లీ. అది మా ఆయనది. పెళ్ళిఫోటో, ఆ పుస్తకాలు, అన్నీ తుఫానులో ట్రంకుపెట్టెతో సహా పోయాయి. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా ఆయన సరిగా ఆనడం లేదు."

హిమజ కాగితాల మీంచి నన్ను తీసి ఆమె చేతిలో పెట్టింది. ముడతలు పడ్డ వేళ్ళు నన్ను తడిమాయి. ఆమె చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈయన కాదమ్మా. మా ఆయనకు మచ్చ ఎడమ చెంపన ఉండేది. ఇది కుడిపక్కనుంది."

నేనే తల్లీ, అతనే, అని అరవాలనిపించింది. జింకుకు నోరెక్కడిది? ఆమె నన్ను బల్ల మీద పెట్టేసి గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయింది.

"మా ఆయన అనేవారు, ప్రెస్సులో అన్నీ కుడిఎడమలు తిరగేసే ఉంటాయే అని. అమ్మాయీ, అద్దముందా?"

చేతులు కడుక్కునే చోట గోడకు అద్దం ఉంది. ఆమె నన్ను తన చెంప పక్కన పెట్టుకుని అద్దానికేసి చూసింది. అన్నేళ్ళూ అందరికీ ముఖం పంచిన నేను, నా ముఖం సరిగా చూసుకోవడం అదే మొదలు. ఎడమ చెంపన మచ్చ, పొడుగు ముక్కు, పక్కనే నెరిసిన జుట్టుతో ఆయన భార్య.

ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమండీ, ఇంకా ఆ గరిటె తియ్యలేదూ?"

హిమజ నన్ను ఆమెకే ఇచ్చేసింది. ఇప్పుడు నేను భ్రమరాంబ గూట్లో, అద్దానికి ఎదురుగా ఉంటున్నాను. ఆమె పొద్దున్నే తల దువ్వుకుంటూ అందులోకి చూసి, ఇవాళ కూర ఏమిటో కూడా చెబుతుంది. సిరా మీద బెంగ నాకింకా పోలేదు. కొత్త పుస్తకం బాగానే పోతోందట. లోకానికంతా థార్న్‌బీ దొర వీపు కనిపిస్తోంది. ముఖం మాత్రం ఆమె ఒక్కదానికే.